కన్ను తెరవని పుంజు

పోయిన నెల నందికొట్కూరు దగ్గర ఒక పల్లెలో క్రైస్తవుల గుడి కిటికీలకు కొత్తగా రంగు అద్దాలు బిగించారు. మద్రాసు నుంచి ఎండుగడ్డిలో చుట్టి తెప్పించిన అద్దాలు. ఆ రోజు ప్రార్థన చేయడానికి నన్ను పిలిచారు. చిన్న వయసులో ఆ పల్లె మిషను బడిలో పంతులుగా ఉన్నవాణ్ణి, ఇప్పుడు కడప వైపు ఒక సంఘానికి గురువుని. అందుకని ముందు కుర్చీలో కూర్చోబెట్టి చామంతి దండ వేశారు.

ప్రార్థన అయ్యాక సంఘపెద్ద లేచాడు. డెబ్బై దాటిన మనిషి. గొంతు మాత్రం తగ్గలేదు.

"ఈ అద్దాలు చూస్తాంటే పాత సంగతి గుర్తొస్తాండాది. ముందర ఈడ తోలుబొమ్మలాయప్ప ఒకడు తోలుతో కిటికీలు చేసినాడు. ఏసయ్య గుడిలోకి సుబ్బరాయుని నెమలిని దూర్చినాడప్పా, మాకు తెలీకుండా! మేం కనిపెట్టకుంటే పక్క కిటికీలో వినాయకుని ఎలకని గూడా పెట్టుండు!"

జనం విరగబడి నవ్వారు. పెద్ద చెయ్యెత్తి ఆపి, ఇంకో మాట కలిపాడు.

"పాపం, పోయిన ఎండాకాలం పెన్నేటి ఒడ్డున యాడో పానం పోయిందంట. ఆ నెమలినెక్కే పోయింటాడులే."

మళ్ళీ నవ్వు. ఆ పల్లెలో ఇది పాత హాస్యమే. ఎవరైనా తూకంలో మోసం చేసినా, పిల్లవాడు బడి ఎగ్గొట్టినా "నెమలికిటికీ పని చేసినావే" అంటారు. ఆ మాట ఎక్కడిదో పిల్లలకు తెలియదు కూడా.

నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని ఎవరైనా అనుకుంటారేమోనని నవ్వాను. ఆయన చనిపోయిన సంగతి నాకు ఆ నవ్వులోనే తెలిసింది.

ఆ గుడిలోకి నెమలిని దూర్చింది ఆయన కాదు. ఈ మాట ఇరవై ఏళ్ళ కిందట చెప్పవలసింది.

ఆయన పేరు ఇక్కడ రాయలేను, నాకు తెలియదు గనక. అన్ని నెలలు పక్కన కూర్చుని ఒక్కసారీ అడగలేదు. ఊరంతా బొమ్మల తాత అనేది, నేనూ అలాగే అన్నాను. ఆయన నన్ను అయివారూ అనేవాడు. నాకప్పుడు పాతికేళ్ళు దాటి ఉంటాయి.

పొడుగు మనిషి, చెవికి రాగి పోగు. వేళ్ళ కొనలకు నీలం, ఎరుపు ఎప్పుడూ అంటుకునే ఉండేవి. ఆ చేత్తోనే నశ్యం పీల్చేవాడు కాబట్టి ముక్కు కూడా అప్పుడప్పుడు నీలంగా ఉండేది. ఆయనకొక అలవాటు. చేతికి ఏది దొరికినా ఎండకు ఎత్తి పట్టి చూసేవాడు. తమలపాకు, కోడిగుడ్డు, ఎవరి భుజం మీది తువ్వాలైనా సరే. ఒకసారి నా చేతిలో ఉన్న బైబిలు లాక్కుని ఒక పుట ఎత్తి పట్టి, "అయివారూ, ఈ పక్క అక్షరాల్లోంచి ఆ పక్క అక్షరాలు కనపడతాండాయి" అని పసిపిల్లవాడిలా సంబరపడ్డాడు. జొన్నరొట్టెను కూడా అలాగే సూర్యుడికి చూపించేవాడు. ఆయన భార్య పొయ్యి దగ్గర నుంచి అరిచేది.

"అది తినేదానికా, చూసేదానికా?"

"నీ రొట్టెలో వెలుతురు పోదులేవే. ఇది రొట్టె గాదు, గోడ."

పొగడ్త అంటే ఆయనకు ప్రాణం. ఏ పని చేసినా దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి "ఎట్లుండాది?" అని అడిగేవాడు. బాగుందంటే వదిలేవాడు కాదు. "ఏం బాగుండాదో చెప్పు" అని అడ్డం నిలబడేవాడు. ఎవరైనా తప్పు పడితే మాత్రం తన గొంతు మానేసి, ఆటలోని హాస్యగాడి బొమ్మకు పెట్టే కీచుగొంతుతో జవాబు చెప్పేవాడు. తిట్టేవాడికి కూడా నవ్వొచ్చి తిట్టు మరిచిపోయేవాడు.

వాళ్ళది పెన్నేటి వైపు నుంచి ఊరూరా తిరిగే బొమ్మలాట కుటుంబం. ఇంట్లో వాళ్ళ ఆరె మరాఠీ మాట, బయట మన తెలుగు. ఆ ఏళ్ళలో ఆట అడిగేవాళ్ళు తగ్గిపోయారు. కరువు సరేసరి. పట్నాల్లో డేరాలు వేసి కదిలే బొమ్మలు చూపిస్తున్నారని విని, "వాటికవే ఆడతాండాయంట. మడిసి చెయ్యి లేకుండా ఆడే బొమ్మకి సిగ్గెట్లుంటాది?" అనేవాడు. భార్యకు జబ్బు చేస్తే మా పల్లెలో మిషను దొరసాని మందిస్తుందని ఎవరో చెప్పగా బండి తోలుకొచ్చాడు. ఆమెకు నయమైంది. బండి మళ్ళీ కదల్లేదు.

"తిరిగి తిరిగి కాళ్ళరిగినాయమ్మా. ఏ ఊరోడివంటే చెప్పేదానికి ఒక ఊరు గావాల" అని దొరసానితో అన్నాడట.

అప్పుడు మా గుడి కిటికీలకు ఊచలు తప్ప ఏమీ లేవు. తమ దేశంలో గుడి కిటికీలకు రంగు అద్దాలు ఉంటాయని, ఇక్కడ అంత ఖర్చు ఎవరు పెడతారని దొరసాని ఒకరోజు మాటల్లో అంది. బొమ్మల తాత గోడ తడిమి చూసి, "అద్దమేంటికమ్మా, తోలుండగా" అన్నాడు. బొమ్మకు వాడే తోలు గీకి గీకి పలచన చేస్తే, వెనక దీపం పెట్టినప్పుడు రంగులు వెలుగుతాయి. దీపం బదులు సూర్యుడు. అంతే ఆయన ఆలోచన.

సంఘపెద్దలు ఒప్పుకున్నారు. ఆయన కూలి అడగలేదు. "దుడ్లొద్దు. మీలో ఒకన్ని చేసుకోండి" అన్నాడు. కిటికీలు అయ్యాక ఈస్టరు పండుగకు ఆలుమగలిద్దరికీ బాప్తిస్మం, గుడి పక్కన ఒక గుడిసె. అదీ ఒప్పందం.

తోలు మీద ఏం గీయాలన్నది నా వంతుకు వచ్చింది. దొరసాని దగ్గర పెద్ద బొమ్మల పుస్తకం ఒకటుండేది. రోము నగరం కింద సొరంగాల్లో తొలినాటి క్రైస్తవులు తమ వాళ్ళను పాతిపెట్టి, ఆ గోడల మీద గీసుకున్న బొమ్మలవి. జ్వరాలు తాళలేక ఆమె నీలగిరికి వెళ్తూ, ఇంగ్లీషు చదవగలవాణ్ణి కదా అని ఆ పుస్తకం నా చేతికిచ్చింది. బడి అయిపోయాక వసారాలో నేను చదివి చెప్పడం, ఆయన తోలు గీకుతూ వినడం.

మొదట చేప. చేపెందుకన్నాడు. ఆ కాలంలో ఏసును నమ్ముతున్నామని పైకి చెబితే చంపేసేవారని, అందుకని ఇలాంటి గుర్తులు గీసుకున్నారని, తెలిసినవాడికి అది ప్రభువు గుర్తు, తెలియనివాడికి ఉత్త చేప అని చెప్పాను.

తొడ చరిచాడు. "మా పనే గదప్పా అది! తెర ముందర శానా దూరం కూచున్నోనికి ముక్కూ మొగం కనపడతాయా? కిరీటం చూసి రాజంటాడు, కోర చూసి రాక్షసుడంటాడు. మొగం ఎవనికి గావాల? గుర్తు గావాల."

"చాలాకాలం వాళ్ళు ప్రభువు ముఖం గీయనే లేదట తాతా."

"మంచి పని చేసినారు. గీసినోడు యాడ చూసినాడు గనక?"

తర్వాత లంగరు. సముద్రం ఎరగని మనిషికి లంగరు చెప్పడం నావల్ల కాలేదు. ఓడ అన్నాను, అల అన్నాను, అడుగున పట్టుకునే ఇనుప కొక్కెం అన్నాను. అది ఆశకు గుర్తు అన్నాను. రెండు రోజుల తర్వాత ఆయన గీసి తెచ్చింది చూసి తెల్లబోయాను. బావిలో జారిపోయిన బిందెల్ని పైకి తీయడానికి తాడుకు కట్టి దింపే కొక్కేల గుత్తి అది.

"ఇది లంగరు కాదు తాతా."

"ఈ కొక్కేలు బావిలోకి దిగతాంటే ఆడోళ్ళ మొగాలు చూసినావా ఎప్పుడన్నా? మునిగిందాన్ని పైకి తెచ్చేది. ఆశంటే ఇంగేముండాది?"

నేను వాదించలేదు. ఆ కిటికీ చూసి మా పల్లె ఆడవాళ్ళు ఎవరూ ఇదేమిటని అడగలేదు.

తర్వాత మంచికాపరి, అదీ ప్రభువు గుర్తే. ఆ బొమ్మకు గొంగడి కప్పాడు. భుజాల మీద గొర్రెపిల్లను మన సీమ గొర్రెలా నల్లగా చేశాడు. అప్పటికింకా నడివయసులో ఉన్న సంఘపెద్ద వచ్చి, దేవుని గొర్రెపిల్ల తెల్లగా ఉండాలన్నాడు. తాత కీచుగొంతు అందుకున్నాడు.

"మీ మందలో తెల్లది ఒకటి చూపియ్యి పెద్దాయనా, ఇప్పుడే కడిగి తెల్లగా చేస్తా!"

పెద్ద కూడా నవ్వేసి, "నీ నోట్లో నోరు పెట్టేదానికంటే నల్లదే నయం" అని వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరికీ అప్పట్లో మంచి స్నేహమే.

ఆ సాయంత్రం పుస్తకంలో ఉన్న ఇంకో సంగతి చెప్పాను. భుజాన జీవాన్ని మోసే ఆ మనిషి బొమ్మ మొదట క్రైస్తవులది కాదు. గ్రీకులు తమ దేవుళ్ళకు పొట్టేలును మోసుకుపోయే మనిషిని అలాగే చెక్కుకునేవారు. దాన్నే వీళ్ళు తీసుకుని మంచికాపరి అన్నారు. ద్రాక్షతీగ కూడా అంతే, వాళ్ళ కల్లుదేవుడిది. తల చుట్టూ వెలుగు కూడా అంతే, వాళ్ళ సూర్యుడిది.

తాత గీకడం ఆపేశాడు. లేచి వెళ్ళి బొమ్మల గంప లోంచి ఒక పాత బొమ్మ తెచ్చి నా ముందు పరిచాడు.

"ఈయప్ప పొద్దున రాజు. అడవికి పోయే కథొస్తే కిరీటం పీకేసి జడలు కట్టి మునిని చేస్తా. తోలు అదే. కొత్త బొమ్మ చేసుకునే శక్తి లేనోడు పాత బొమ్మకే కొత్త మాట నేర్పుతాడు. మీ పాతోళ్ళు గూడా మా మాదిరి లేనోళ్ళే ఉన్నెట్లుండారే!"

ఆ రోజంతా సంతోషంగా ఉన్నాడు. తనలాంటి వాళ్ళు ఆ గుడి పుట్టిన నాటి నుంచీ ఉన్నారని తెలిసిన సంతోషం అది.

చివరికి తూర్పు కిటికీ మిగిలింది. ఈస్టరు నాడు పొద్దు దాని గుండానే లోపలికి వస్తుంది. పుస్తకంలో నెమళ్ళు ఉన్నాయి. నెమలి మాంసం కుళ్ళదని, ఏటేటా ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుందని నమ్మి, ఆ కాలపు వాళ్ళు దాన్ని చావు లేని బతుకుకు, తిరిగి లేవడానికి గుర్తుగా గీశారు. చదివి వినిపించాను.

"కుళ్ళదా? నేను చిన్నప్పుడు తిన్యాను అయివారూ. మిగిలిస్తే గదా కుళ్ళేది!"

నవ్వు తగ్గాక తలకాయ అడ్డంగా ఊపాడు.

"వద్దులే. సుబ్బరాయుని వాహనమంటారు. నేను ముందే బొమ్మలాటోన్ని."

"గొంగడి కాపరికి ఎవరైనా ఏమైనా అన్నారా? ఇది పుస్తకంలో ఉన్న సంగతి. ఎవరైనా అడిగితే నేను చెబుతాను. నేనున్నాను కదా తాతా."

ఈ మాట నేనే అన్నాను. ఆయన అడగలేదు. పెద్ద కిటికీకి పెద్ద బొమ్మ ఉంటే బాగుంటుందని, నా చదువు నలుగురికీ తెలుస్తుందని నాకే ఉబలాటం.

ఏ బొమ్మకైనా ఆయన కన్ను చివర తెరిచేవాడు. ఆ రోజు తెల్లవారి స్నానం చేసి, పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టకుండా, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కూర్చునేవాడు. తోలును తడిగుడ్డలో మెత్తబరిచి, చెక్క మీద పరిచి, చిన్న ఉలితో ఒక్క పోటు. తర్వాత దాన్ని ఎండకు ఎత్తి, "చూడు నాయనా, ఇంగ చూడు" అని బొమ్మతో అనేవాడు.

"కన్ను తెరిసిందాకా అది తోలు. తెరిసినాక అది మనల్ని చూస్తాది" అని నాకు చెప్పాడు. "ఎండు తోలు మీద మాత్రం పొడవద్దు. పగుల్తాది. తడుండాల."

తూర్పు కిటికీ బిగించిన ఆదివారం నాకు బాగా గుర్తు. నెమలి పింఛంలో ఆయన చేసిన సన్నని రంధ్రాలన్నిటిలోంచి ఎండ దూరి లోపల జనం మీద చల్లినట్టు పడింది. ఆడవాళ్ళు చంకలోని బిడ్డల మీద నీలం పడేలా జరిగి జరిగి కూర్చున్నారు. సంఘపెద్ద తెల్ల తలపాగా మీద పచ్చటి మచ్చ ఒకటి నిలిచింది. ఒక పిల్లవాడు "పెద్దాయన తలకాయ మీద నెమలి!" అని అరిచాడు. పెద్ద కూడా తల తడుముకుని నవ్వాడు. గుడి వెనక గోడకు ఆనుకుని బొమ్మల తాత అందరి ముఖాలూ వరసగా చూస్తున్నాడు. ఆ రోజు ఎవరినీ ఎట్లుందని అడగలేదు.

ఆ వారం సంతలో ఒక కొట్టు షావుకారు సంఘపెద్దను పలకరించాడట. "ఏమప్పా, మా సామిని మీ గుడిలోకి పిల్చుకున్యారంట? ఎన్నాళ్ళకొచ్చింది బుద్ధి! కొబ్బరికాయ గూడా తీసుకపో మరి." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు తేలికైంది కాదు. పాత దేవుళ్ళను వదిలినందుకు ఊరి బావి దగ్గర నీళ్ళు తోడనివ్వకపోయినా ఎండాకాలాలు గడిపిన మనుషులు వాళ్ళు. అన్నీ పోగొట్టుకుని వచ్చిన చోటికి ఆ దేవుడి వాహనమే ముందుగా వచ్చి కూర్చుందని ఎగతాళి చేస్తే ఎవరికి మండదు? సంఘపెద్దను నేను ఈనాటికీ తప్పుపట్టను.

తరువాతి ఆదివారం మిషను దొర బండి మీద వచ్చాడు. ఆ రోజే ఆయన నాకొక మాట చెప్పవలసి ఉంది. గురువుల చదువుకు మా వైపు నుంచి ఒకరిని పంపాలి. నేను, ఇంకో పల్లె పంతులు, ఇద్దరం వరసలో ఉన్నాం. ఆరాధన అయ్యాక సంఘాన్ని కూర్చోబెట్టారు.

"ఈ నెమలిని పెట్టమని నీకెవరు చెప్పినారు?" అని పెద్ద అడిగాడు.

బొమ్మల తాతకు బెదురేమీ లేదు. నా వైపు తిరిగి, "మా అయివారు చెప్తాడు" అన్నాడు. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. ఇదిగో ఇప్పుడు చూడండి మా వాడి చదువు, అన్నట్టు.

"ఏమయ్యా, నువ్వేనా?" అన్నాడు పెద్ద.

"నేను చేపా గొర్రెపిల్లా చెప్పాను. ఇది నాకు తెలియదు" అన్నాను.

దొర కళ్ళజోడు సర్దుకుని, తన తెలుగులో మెల్లగా అడిగాడు. "నువ్వు ఈ పక్షిని గురించి ఇతనికి ఎన్నడూ చెప్పలేదా?" నిజం చెప్పమన్నట్టే అడిగాడు. పుస్తకం నా గదిలో, బల్ల మీదే ఉంది. తెచ్చి ఆ పుట తెరిస్తే చాలు. విగ్రహాల బొమ్మలు బోధించినవాణ్ణి గురువుల చదువుకు పంపరన్నది ఒక్కటే నా తలలో తిరుగుతోంది.

"లేదు దొరవారూ" అన్నాను.

బొమ్మల తాత నన్ను చూశాడు. ఎండకు ఎత్తి పట్టి చూసినట్టు చూశాడు. తర్వాత ఆయన గొంతు మారింది. ఆ హాస్యగాడి కీచుగొంతుతోనే అన్నాడు.

"నేనే పెట్టుకున్యాను సామీ! బొమ్మలాటోని బుద్ధి యాడికి పోతాది? అయివారికేం తెలుసు, పాపం, బడి పిలకాయల్తోనే సరిపోతాది ఆయప్పకి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాప్తిస్మం మరో ఏడాది చూద్దామన్నారు. గుడిసె మాట ఎవరూ ఎత్తలేదు.

నేను బయట వసారాలోకి వచ్చి నిలబడ్డాను. ఆయన వెనకాలే వచ్చాడు. పక్కన నలుగురైదుగురు చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆయన గొంతు తగ్గించాడు.

"అయివారూ, ఒక్క మాట. ఆ నెమలి సంగతి ఆ పుస్తకంలో ఉన్న మాట నిజమే గదా? నువ్వు కల్పించి చెప్పలేదు గదా నాకు? నిజమైతే సాలు. ఇంగేమీ అడగను."

ఆయనకు కావలసింది అంతే. అవునని తల ఊపినా సరిపోయేది. చెప్పులు వెతుక్కునేవాళ్ళు వింటున్నారని నాకు అనిపించింది.

"ఏ నెమలి? నాకేం తెలుసు" అన్నాను.

దొర ముందు ఆడిన అబద్ధానికి నా భవిష్యత్తు అని ఒక కారణం చెప్పుకోవచ్చు. ఈ మాటకు చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు.

ఆయన తూర్పు కిటికీ విప్పేశాడు. వాళ్ళ వాళ్ళు ఆటకు పనికిరాని పాత బొమ్మల్ని పారేయరు, ఏటికి తీసుకుపోయి నీళ్ళలో వదులుతారు. నెమలిని చుట్టి చంకన పెట్టుకుని తుంగభద్ర వైపు వెళ్ళడం చూసినవాళ్ళున్నారు. కానీ కిటికీని బోసిగా వదిలి పోవడానికి ఆయనకు మనసొప్పలేదు. నాలుగు రోజులు కూర్చుని ఇంకో తోలు చేసి బిగించాడు. పుంజు. మెడ చాచి, నోరు తెరిచి కూస్తున్న కోడిపుంజు.

సంఘపెద్ద వచ్చి చూసి తృప్తిపడ్డాడు. "ఇది సరే. ఏసయ్య ఎవరో ఎరగనని పేతురు అబద్ధమాడినప్పుడు కూసిన పుంజు. వాక్యంలో ఉండాది."

పక్కనే ఉన్న పెద్ద భార్య మాత్రం కనిపెట్టింది. "దీనికి కన్ను లేదే?"

"అయివారు తెరుస్తాడులేమ్మా. ఎప్పుడు తెరవాల్నో ఆయప్పకి తెలుసు."

ఆ మధ్యాహ్నమే బండి కట్టుకుని వెళ్ళిపోయాడు. నేను బడిలో ఉన్నాను. బండి చప్పుడు వినిపించింది. ఎక్కాలు ఇంకాస్త గట్టిగా చెప్పించాను.

నన్ను చదువుకు పంపారు. గురువునయ్యాను. ప్రతి శుభశుక్రవారానికీ పేతురును గురించి ప్రసంగించాను. బాగా చెబుతానని పేరు కూడా ఉంది.

ఆ తర్వాత ఒక్కసారే ఆయన్ని చూశాను. బనగానపల్లెలో, మామిడికాయల రోజుల్లో. చెట్టు కింద చింకి చాప పరుచుకుని, చిన్న చిన్న తోలు చిలకలు పుల్లలకు కట్టి పిల్లలకు అమ్ముతున్నాడు. భార్య పక్కన లేదు. నేను తల తిప్పుకుని పోబోయాను. ఆయనే పిలిచాడు.

"అయివారూ! కన్ను తెరిసినావా?"

"ఇంకా లేదు తాతా."

"తొందరేముండాదిలే. తోలు యాడికి పోతాది?" నవ్వి, నా తెల్ల అంగీ తేరిపార చూశాడు. "గురువైనావంట గదా. ఇప్పుడు బాప్తిస్మం నీ చేతిలోనే ఉండాదంట. మా ఆడమనిషి అదే అడుగుతా అడుగుతా పోయింది. నాకన్నా ఇస్తావా?"

ఇస్తాను తాతా, కబురు పెడతాను, అన్నాను. ఆయన ఒక చిలకను ఎండకు ఎత్తి చూసి, మా పిల్లలకని నా చేతిలో పెట్టాడు.

కబురు పెట్టలేదు. ఒకచోట ఆపిన బాప్తిస్మం ఇంకోచోట ఇవ్వాలంటే, ఆపిన సంఘాన్ని అడగాలి. ఎందుకు ఆపారో వాళ్ళు చెబుతారు. అప్పుడు నేనూ చెప్పాలి. రేపు వెళ్దాం అనుకుంటూ ఏళ్ళు గడిపాను. ఇప్పుడు ఆయన లేడు.

అద్దాల పండుగ రోజు భోజనాలకు పిలుస్తుంటే నేను గుడి వెనక్కి వెళ్ళాను. పాత తోలు కిటికీలు గోడ వార కుప్పగా పడి ఉన్నాయి. ముడుచుకుని, నల్లబడి. పుంజును పైకి లాగాను. ఎండకు పడితే ఎరుపు ఇంకా వెలిగింది. కన్ను ఉండవలసిన చోట ఉత్త తోలు.

దాన్ని పట్టుకునే సంఘపెద్ద ఇంటికి వెళ్ళాను. భోజనం చేసి వచ్చి అరుగు మీద ఒరిగి ఉన్నాడు. నిలబడే చెప్పాను. నెమలి నేను చెప్పిందేనన్నాను. పుస్తకం, వసారా, నేనున్నాను కదా అన్న మాట, చెప్పులు వెతుక్కునేవాళ్ళ మధ్య అడిగిన మాట, అన్నీ చెప్పాను.

ఆయన లేచి కూర్చున్నాడు. పుంజును తీసుకుని ఒళ్ళో పెట్టుకుని వేలితో నిమిరాడు. చివరికి అన్నాడు.

"అప్పుడే గాదు, ఈ పొద్దు గూడా చెప్తినే ఆ మాట, గుడిలో నిలబడి. ఇన్నేండ్లు నాతో చెప్పిచ్చి ఊరందర్నీ నవ్విచ్చినావు గదయ్యా."

అప్పుడు నేను అరుగు అంచున కూర్చున్నాను.

"నువ్వు నా ఒక్కనికి చెప్తే సాలదు. నవ్వినోళ్ళందరికీ చెప్పాల. నేను గూడా నీ పక్కన నిలబడతా. నవ్విచ్చిందాంట్లో నాకూ పాలుండాది" అన్నాడు. తోలు నా చేతికి తిరిగి ఇస్తూ ఇంకొకటి అడిగాడు. "ఆయప్ప పేరేందయ్యా? అడగనే లేదు మనం."

రేపు ఆదివారం ఆ గుడిలో ఇదంతా చదువుతాను. ఆరాధన ముగిసే సరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. అప్పుడు అందరి ముందూ కన్ను తెరుస్తాను. అప్పటిదాకా ఏమీ తినను. తోలు బాగా ఎండిపోయి ఉంది. ఈ రాత్రికి తడిగుడ్డలో చుట్టి పెట్టాను.